ఒంటరిగా విశాఖ వెళ్లువారి క్షేమము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామముల నుండి విశాఖపట్టణము వెళ్లివచ్చువారు ప్రతిదినము ఉందురు. కింగు జార్జి ఆసుపత్రిలోనున్న కొడుకునకు తోడుండబోవు తల్లి, పరీక్ష వ్రాయబోవు కుర్రవాడు, వాయిదాకు పోవు రైతు, ఓడలో ఉద్యోగము దొరకునని విని బయలుదేరిన యువకుడు, వీరిలో చాలమంది ఒంటరిగనే బస్సెక్కుచున్నారు. పదిమంది కలిసి సింహాచలము యాత్రకు పోయినపుడు ఒకరినొకరు కనిపెట్టుకొని ఉందురు. ఒంటరిగా పోయినవారిని కనిపెట్టుకొని ఉండువారెవరు? ఈ ప్రశ్న పోలీసులది మాత్రమే కాదు, పంచాయతీది కూడనని మేము భావించుచున్నాము. అందుచేతనే నేటి ప్రసంగమునకు ఈ విషయమును తీసికొంటిమి.

నగరమనిన మీకు భయము పుట్టించుట మా ఉద్దేశము కాదు. 1933లో ఓడరేవు తెరువబడిన నాటినుండి విశాఖ మన పల్లెవారి శ్రమతోనే పెరిగినది. రేవులోను, ఓడలు కట్టు కర్మాగారములోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయువారిలో తమ బంధువులు లేని గ్రామము ఉత్తరాంధ్రలో అరుదు. అయినను రేవు పట్టణమునకు ఒక స్వభావమున్నది. అది వచ్చిపోవువారి ఊరు. మీ గ్రామములో కొత్త మనిషి కాలు పెట్టినచో మొదట కుక్క మొరుగును, తరువాత రచ్చబండ మీది పెద్దలు "ఎవరి తాలూకు బాబూ?" అని అడుగుదురు. రేవు పట్టణములో ఆ మాట అడుగువారు లేరు. ఒరియా మాటలాడువాడు, బెంగాలీ మాటలాడువాడు, ఓడ దిగివచ్చిన పరదేశి, అందరును అచ్చట కొత్తవారే. కనుక కొత్తవారిని చూచి ఎవరును ఆశ్చర్యపడరు, వారికి కీడు తలపెట్టిన వానిని చూచి కూడ ఎవరును ఆశ్చర్యపడరు.

ఇక ప్రయాణపు సంగతి. రైలులో పోవువారికి రెండు విషయములు ముందుగా చెప్పి పంపవలెను. మొదటిది, కొన్ని బండ్లు నగరములోనికి పోకుండ దువ్వాడ మీదుగా సాగిపోవును. దువ్వాడ స్టేషను నగర మధ్యమునకు పదిహేను కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్నది. టిక్కెట్టుమీద ఏ స్టేషను పేరున్నదో ఇంటివద్దనే చూచుకొనవలెను. అర్ధరాత్రి దువ్వాడలో దిగి, ఇదియే విశాఖ అనుకొని ఆటో మాటలాడుకొన్నవాడు, బేరమాడుటకు బలము లేనివాడగును. రెండవది, విశాఖ స్టేషనునకు వచ్చిన చాల బండ్లు వచ్చిన దిక్కునకే మరల బయలుదేరును. ఇంజనును ఒక కొసనుండి తీసి రెండవ కొసకు తగిలింతురు. అలవాటు లేనివారికి బండి వెనుకకు పోవుచున్నట్లు తోచును. విశాఖ దాటి ముందుకు పోవలసినవారు దీనిని చూచి కంగారుపడి దిగిపోరాదు. నీళ్లకు దిగినవారు తమ పెట్టె సంఖ్యను గుర్తుంచుకొనవలెను గాని, ముందునుండి మూడవదనియో వెనుకనుండి రెండవదనియో గుర్తు పెట్టుకొన్న లాభము లేదు.

రాత్రివేళ దిగినవారు తెల్లవారువరకు స్టేషనులోని వేచియుండు గదిలోనో, ద్వారకా బస్ స్టేషనులోనో కూర్చుండుట మేలు. టిక్కెట్టును పారవేయరాదు, అచ్చట కూర్చుండుటకు అదియే హక్కుపత్రము. రైల్వే వారి విశ్రాంతి గదులు టిక్కెట్టున్న వారికి అద్దెకు దొరకును. సామానును క్లోక్ రూములో పెట్టవచ్చును గాని తాళము వేసిన పెట్టెను, సంచినే వారు తీసికొందురు. కావున రెండు చిన్న తాళములు ఇంటినుండి కొనిపోవుట మంచిది. రైలులో దొంగతనము జరిగినచో దిగిపోయి స్టేషనునకు పరుగెత్తనక్కరలేదు. బండిలోని టిక్కెట్టు తనిఖీ అధికారి వద్ద గాని, కాపలా పోలీసుల వద్ద గాని ఫిర్యాదు కాగితము దొరకును. 139 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

బస్సు ప్రయాణమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, మీకు తెలిసినదే. జాతీయ రహదారి గాజువాకనుండి మద్దిలపాలెము మీదుగా మధురవాడ వరకు నగరము నడుమనుండియే పోవుచున్నది. పల్లెలో రోడ్డు దాటినట్లు దానిని దాటరాదు. రేవు చుట్టుపట్ల లారీల రాకపోకలు రాత్రింబవళ్లు ఉండును. విశాఖలో ఒంటరివాడు దొంగకంటె లారీకి ఎక్కువ భయపడవలెనని మా అభిప్రాయము.

ఇక మనుష్యుల సంగతికి వత్తము. మోసగాడు మీసములు మెలివేసికొని కత్తి పట్టుకొని వచ్చునని మనవారి భావన. అతడట్లు రాడు. "మీదే ఊరు తమ్ముడూ? అరే, మా అత్తవారిది మీ పక్క ఊరే గదా!" అని వచ్చును. ఒంటరివానికి సొంత యాస వినబడుటకంటె తీయనిది మరొకటి లేదు. మోసగానికి ఈ సంగతి మనకంటె బాగుగా తెలియును. కనుక పక్క ఊరి పేరు చెప్పిన మాత్రమున పక్క ఊరివాడు కాడు. ఆ ఊరి సర్పంచి ఎవరు, రామాలయము ఏ వీథిలో ఉన్నదని రెండు ప్రశ్నలు అడుగుటలో అమర్యాద ఏమియు లేదు. నిజముగా ఆ ఊరివాడే అయినచో సంతోషించి సమాధానము చెప్పును.

అట్టి స్నేహమునుండి పుట్టు ఆపదలలో ఘోరమైనది ఒకటి కలదు. "ఈ సంచి కొంచెము పట్టుకో బాబూ, టిక్కెట్టు తీసికొని వచ్చెదను" అనియు, "ఈ పెట్టెను ఫలానా స్టేషనులో మావాడు తీసికొనును, నీకు వేయి రూపాయలిత్తును" అనియు అడుగుదురు. మన ఏజెన్సీ నుండియు, ఒడిశా సరిహద్దు నుండియు గంజాయి దూరదేశములకు పోవు దారులలో విశాఖ ఒకటి. ఆ సంచిలో అది యున్నచో ఏమగునో మీ గ్రామములలోని యువకులకు అంకెలతో చెప్పుడు. 1985 నాటి మాదక ద్రవ్యముల చట్టము ననుసరించి 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవానికి 10 సంవత్సరములకు తక్కువ కాని, 20 సంవత్సరముల వరకు పోగల కఠిన కారాగార శిక్షయు, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానాయు కలదు. నాకు తెలియదని చెప్పిన చాలదు. తెలియదని ఋజువు చేసికొను భారము సంచి మోసినవాని మీదనే పడును. సంచి ఇచ్చినవాడు అప్పటికి జనములో కలిసిపోయియుండును. వేయి రూపాయలకు పదేండ్లు! ఇతరుల సామాను ముట్టరాదని పిల్లవానికి చెప్పినట్లు పెద్దవానికి కూడ చెప్పవలసియున్నది.

ఇంతకంటె మెల్లగా కాటువేయునది ఉద్యోగపు ఆశ. రేవు పట్టణమున ఓడ కనబడుచుండును, ఓడమీద జీతము గొప్పదని అందరును చెప్పుకొందురు. ఓడ ఉద్యోగములు నిజముగనే ఉన్నవి, మన కుర్రవారు నిజముగనే వానిలో చేరుచున్నారు. అయితే నావికులను ఓడలకు కుదిర్చిపెట్టు సంస్థకు కేంద్ర ప్రభుత్వపు షిప్పింగు డైరెక్టరేటు జనరలు వారి లైసెన్సు ఉండవలెను. లైసెన్సు గల సంస్థల జాబితా ఆ శాఖవారి వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. ఉద్యోగము ఇప్పించినందుకు నావికునివద్ద సొమ్ము తీసికొనుట నిబంధనలకు విరుద్ధము. కనుక "మూడు లక్షలు కట్టుము, వచ్చే నెల ఓడ ఎక్కింతుము" అనువాడు లైసెన్సు లేనివాడైన కావలెను, లైసెన్సును తప్పినవాడైన కావలెను. రెండింటిలో ఏదైనను డబ్బు కట్టదగినవాడు మాత్రము కాడు. రేవు యాజమాన్యములో ఉద్యోగమున్నదని చెప్పు దళారి సంగతియు ఇంతే. అచ్చటి ఖాళీలకు ప్రకటన వెలువడును, దళారి వెలువడడు.

విదేశములలో నేలమీది ఉద్యోగములకు 1983 నాటి వలసల చట్టము వర్తించును. కార్మికులను పంపు ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదై ఉండవలెను. అతడు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నునకును మించరాదు, రసీదు కూడ ఇయ్యవలెను. ఈ నియమమును లెక్కచేయనివారి వలన ఏమి జరిగినదో విశాఖవారికి బాగుగా తెలియును. 2024 మే నెలలో విశాఖ నగర పోలీసులు ఒక ముఠాను పట్టుకొనిరి. కంప్యూటరుమీద వివరములు నమోదు చేయు ఉద్యోగములని చెప్పి, మన ప్రాంతపు యువకులవద్ద లక్ష రూపాయలకు పైగా వసూలు చేసి, యాత్రికుల వీసాలమీద కంబోడియాకు పంపిరి. అచ్చట వారిని నిర్బంధములో నుంచి, భారతదేశములోని వారికి ఫోనులు చేయించి, మోసపుచ్చి డబ్బు గుంజు పని చేయించిరి. మోసపోయినవారి చేత మరికొందరిని మోసపుచ్చుట అనగా ఇదియే. అదే నెలలో కొందరు విడుదలై విశాఖ విమానాశ్రయమునకు తిరిగి వచ్చిరి. పని చేయుటకు పిలుచువాడు పని వీసా ఇచ్చునుగాని యాత్రికుల వీసా ఇయ్యడు. ఈ ఒక్క వాక్యము మీ గ్రామములో ప్రతి యింటికి తెలిసినచో చాల కన్నీరు తగ్గును.

ఇట్టి ప్రయాణములకు పోవు కుర్రవాడు అసలు సర్టిఫికెట్లను, పాస్‌పోర్టును ఎవరి చేతికిని ఇచ్చి వదలిపెట్టరాదు. చూపవచ్చును, నకలు ఇయ్యవచ్చును. ఎంత గొప్ప ఆఫీసైనను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

సముద్రమును గూర్చి చెప్పక విడుచుటకు వీలు లేదు. చెరువులోను, కాలువలోను ఈదనేర్చినవాడు సముద్రమును చూచి ఉత్సాహపడును. విశాఖ తీరమున రామకృష్ణా బీచి మొదలుకొని భీమిలి వరకును, అవతల యారాడ దగ్గరను, ఒడ్డునకు సమీపముననే లోతు హెచ్చును, కొన్నిచోట్ల బండలున్నవి. ఒడ్డునుండి లోపలికి లాగు ప్రవాహములు ఏర్పడుచుండును. విచిత్రమేమనగా, ఇరువైపుల అలలు విరుగుచుండగా నడుమ నీరు ప్రశాంతముగా కనబడు చోటనే తరచుగా ఈ లాగుడు ఉండును. తెలియనివాడు అదియే మంచి చోటనుకొని దిగును. చిక్కుకొన్నవాడు ఒడ్డుకు ఎదురీదినచో అలసిపోయి మునుగును. తేలియుండి, ఒడ్డునకు సమాంతరముగా పక్కకు ఈది, లాగుడు తగ్గిన పిదప ఒడ్డునకు రావలెను. ఒంటరిగా వచ్చినవాడు మోకాలి లోతు దాటకుండుటయే మేలు. బట్టలు ఒడ్డున విడిచి నీట దిగినవాని సంగతి ఇంటివారికి తెలుపుటకు కూడ అచ్చట మనిషి ఉండడు.

తుపాను రోజులలో రేవున ఎగురవేయు హెచ్చరిక సంఖ్యలను మీరు వార్తలలో వినుచుందురు. పదవ నంబరు ఎనిమిదవ నంబరుకంటె రెండు మెట్లు పెద్ద ప్రమాదమని చాలమంది అనుకొందురు. అట్లు కాదు. 8, 9, 10 మూడును మహాప్రమాద సూచనలే. తుపాను రేవును ఎడమకు విడిచి పోవునా, కుడికి విడిచి పోవునా, రేవుమీదుగనే పోవునా అనునదే వానిలోని భేదము. కనుక ఎనిమిదవ నంబరు వేసినపుడు "ఇంకను పది కాలేదు గదా" అని విశాఖకు బయలుదేరరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్దనే తీరము దాటినపుడు విద్యుత్తు లేక, ఫోనులు పలుకక నగరము దినముల తరబడి అవస్థ పడినది. ఫోనులోనే డబ్బు, ఫోనులోనే టిక్కెట్టు, ఫోనులోనే బంధువుల సంఖ్యలు ఉంచుకొన్న ఒంటరి మనిషి అట్టి దినమున ఏమి చేయును? అందుచేత మేము పాతకాలపు పద్ధతినే సమర్థింతుము. అయిదారు వందల రూపాయల చిల్లర నోట్లు రొండిలోనో, లోపలి జేబులోనో వేరుగా ఉండవలెను. మూడు ఫోను సంఖ్యలు కాగితముమీద వ్రాసికొని ఉండవలెను.

మరొక చిన్న హెచ్చరిక. విశాఖ తూర్పు నౌకాదళమునకు ప్రధాన స్థావరము. ఓడలు కనబడినవి గదా అని నౌకాదళపు గోడల చెంత ఫోటోలు తీసినచో చిక్కులు వచ్చును. బీచి రోడ్డున ఒడ్డుమీద నిలిపిన కురుసుర జలాంతర్గామిని టిక్కెట్టు కొని లోపలికి పోయి చూడవచ్చును. ముచ్చట అచ్చట తీర్చుకొనవచ్చును.

ఆసుపత్రికి పోవువారిది వేరు కష్టము. వారి మనస్సు రోగిమీద ఉండును. "లైనులో నిలువనక్కరలేదు, త్వరగా చూపించెదను" అనువాడు అచ్చటనే తటస్థపడును. ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ వ్రాయించుటకు మధ్యవర్తి అక్కరలేదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ వర్తించు ఆసుపత్రులలో ఆ పథకపు సహాయ కేంద్రముండును, అచ్చట సలహాకు డబ్బు తీసికొనరు. సందేహమున్నచో 104కు ఫోను చేసి అడుగవచ్చును.

స్త్రీలను గూర్చి మేము కొంచెము గట్టిగా చెప్పదలచితిమి. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగర సాధారణ బస్సులు మొదలగువానిలో ఉచిత ప్రయాణము ఏర్పడినది. గుర్తింపు కార్డు చూపవలెను. చదువునకు, వైద్యమునకు, చిన్న వ్యాపారమునకు ఒంటరిగా పోవు స్త్రీలకు దీనివలన దారి సుగమమైనది. దీనిని చూచి "ఆడవారికి ఒంటరి ప్రయాణమేల?" అని గొణుగు పెద్దలు మీలోనే ఉండవచ్చును. క్షేమము పేరు చెప్పి ఇంటనుంచుట సులభము. క్షేమముగా పంపి, క్షేమముగా రప్పించుట కష్టము. పంచాయతీ చేయవలసినది రెండవ పని. ఆపద తోచినపుడు 112కు గాని, 181కి గాని ఫోను చేయవలెనని ప్రతి బాలికకును నేర్పుడు. జిల్లాలలో ఏర్పడిన సఖి కేంద్రములలో ఆపదలోనున్న స్త్రీకి తాత్కాలిక ఆశ్రయము, వైద్యసహాయము, న్యాయసలహా లభించును. రాత్రి దిక్కుతోచక నిలిచిన స్త్రీకి ఆ కేంద్రమున్నదన్న సంగతి తెలియకపోయినచో అది ఉన్నను లేనట్లే. పారిపోయి వచ్చిన పిల్లలు కనబడినచో 1098 సంఖ్యకు తెలుపవలెను.

ఇప్పుడు పంచాయతీ చేయదగిన పని. దీనికి నిధులు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. దూరప్రయాణము పోవువారు ఇష్టపడినచో తమ పేరు, పోవు దినము, పని, దిగు చోటు, కలియబోవు మనిషి పేరు, అతని ఫోను సంఖ్య, తిరిగి వచ్చు దినము అందులో వ్రాసిపోవుదురు. ఉద్యోగమునకు పోవువాడైనచో పిలిచిన సంస్థ పేరు, కట్టిన సొమ్ము, రసీదు నకలు కూడ చేర్చవలెను. ఆ సంస్థ పేరును సర్కారు జాబితాలో చూచిపెట్టుట చదువుకొన్న సభ్యులెవరైనను పది నిమిషములలో చేయగల పని. డబ్బు కట్టకముందు చూచిన పది నిమిషములకును, కట్టిన తరువాత తిరిగిన పది నెలలకును ఉన్న భేదము మీరే ఊహింపుడు.

ఈ పుస్తకము నిర్బంధము కారాదు. ఎవరు ఎచటికి పోవుచున్నారో తెలిసికొను కుతూహలము మన గ్రామములలో తక్కువేమియు కాదు. పుస్తకము అరుగుమీద పడవేసినచో మరుసటి దినమునుండి ఒక్కరును వ్రాయరు, ముఖ్యముగా స్త్రీలు వ్రాయరు. దానిని బీరువాలో పెట్టి తాళము వేయవలెను. చూచు అధికారము ఒకరిద్దరికే ఉండవలెను, వారిలో ఒకరు స్త్రీ అయి తీరవలెను. తిరిగి వచ్చినవారి పేరు కొట్టివేయవలెను.

పోవువారు ఇంటివారితో ఒక వేళ నిర్ణయించుకొనవలెను. రాత్రి ఎనిమిది గంటలకు ఫోను చేసెదననినచో ఎనిమిదికి చేయవలెను. ఆ వేళ దాటి, పలుమారులు పిలిచినను పలుకనిచో ముందుగా పుస్తకములో వ్రాసిన మనిషికి ఫోను చేయుడు. అచ్చట కూడ సమాచారము లేనిచో మీ పోలీసు స్టేషనునకు పొండు. ఇరువదినాలుగు గంటలు వేచిన తరువాతనే ఫిర్యాదు తీసికొందురని ఒక నమ్మకము ప్రజలలో పాతుకొనిపోయినది. అట్టి నియమము లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఎచ్చట జరిగినను ఏ స్టేషనులోనైనను సమాచారము ఇయ్యవచ్చును. విశాఖలో జరిగినది విశాఖలోనే చెప్పుకొమ్మని త్రిప్పిపంపుటకు వీలు లేదు. నమోదైన ఫిర్యాదు నకలు ఉచితముగా ఇయ్యవలెను. ఫోనుద్వారా డబ్బు పోయినచో 1930 సంఖ్యకు వెంటనే తెలుపవలెను. ఆలస్యమైనకొలది ఆ సొమ్ము ఖాతానుండి ఖాతాకు మారిపోవును.

స్టేషనునకు పోవునపుడు ఆ మనిషి ఇటీవలి ఫోటోను, కట్టుకొనిపోయిన బట్టల రంగును, పుస్తకములోని వివరముల నకలును తీసికొని పొండు. వీలైనచో సభ్యులలో ఒకరు ఆ ఇంటివారి వెంట నడువుడు. కన్నవారు ఆ వేళ సరిగా మాటలాడలేరు.